ఒక దెబ్బ

ఓడ అడుగున ట్యాంకు.
మేన్‌హోల్‌లోంచి భుజాలు ముడుచుకుని దిగాలి,
ఆ పైన మోకాళ్లే కాళ్లు.
లోపల నేనూ, నా హోల్డరూ, బ్లోయరు గొట్టమూ.
బయట బోర్లించిన పెయింటు డబ్బా మీద
గౌరునాయుడు.

అతని పనల్లా ఇంతే:
పది నిమిషాలకోసారి సుత్తితో ప్లేటు మీద రెండు దెబ్బలు.
బదులుగా నేను రెండు కొడితే రిజిస్టర్లో టిక్కు,
కొట్టకపోతే ఈల.
ఏం జరిగినా తాను మాత్రం లోపలికి దూకకూడదు.
దూకినవాళ్లూ తిరిగి రాలేదు, అందుకని ఆ రూలు.

కూర్చుని తినే ఉద్యోగం అని నవ్వేవాళ్లం.
ఒకప్పుడు యార్డులో చెయ్యి తిరిగిన గ్యాస్ కట్టరు.
ఎడమచేతికి ఇప్పుడు మూడే వేళ్లు.

లోవరాజు పోయింది ఆషాఢంలో.
రిగ్గరు. ఎంత ఎత్తెక్కినా
బెల్టు కొక్కెం తగిలించకుండా అడుగు తీసి వెయ్యడు,
మాకూ అరిచి చెప్పేవాడు.
మంగళవారం మధ్యాహ్నం నా క్యారేజీలోకి సగం గుడ్డు తోసి
"తినీరా, నాకు సయించట్లేదు" అన్నాడు.
తినేశాను.
బుధవారం లేడు.
ఇంటి దగ్గర, తన చేతులతో తనే, కాబట్టి
గేటు పక్క బోర్డు మీద
ప్రమాదం లేని రోజులు రెండువందల పన్నెండు
రెండువందల పదమూడైంది.

అతుకులో కంటికి ఆనని పగులుంటే
ఎర్రరంగు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లుతాం.
కాసేపటికి సన్నటి ఎర్రగీత తనే బయటపడుతుంది.
ఆ సగం గుడ్డు గీతేనని
నాకెందుకు తట్టలేదు?

నిద్ర పోయింది ముందు.
తర్వాత మాట.
సింధియాలో బస్సు దిగి మల్కాపురం దాకా
ఎలా నడిచేవాడినో, ఎక్కడ ఆగి తాగేవాడినో.
కళ్లు మూస్తే ఆర్కు, తెరిస్తే యారాడ కొండ మీద లైట్‌హౌసు,
తిరిగి తిరిగి నా మీదికే.

ఒకనాడు ట్యాంకులో
రెండు దెబ్బలూ వినపడ్డాయి. స్పష్టంగా.
సుత్తి నా తొడ పక్కనే ఉంది.
హోల్డరు ఆపేసి చీకట్లో కూర్చున్నాను.

ఈల మోగలేదు.
కన్నంలోంచి గొంతు దిగింది:
"ఒరే, గేసా?
గేసైతే ఈల ఊదుతాను.
గేసు కాపోతే సెప్పు, ఇక్కడే కూకుంటాను."

ఎంతసేపో.
చానల్లో ఏదో ఓడ కూత వేసి వెళ్లిపోయింది.
ఇనుం చల్లబడుతూ టిక్కు టిక్కుమంది.
సుత్తి ఎత్తి ఒకసారి కొట్టాను.
రెండోది రాలేదు చేతికి.

రిజిస్టర్లో ఒక దెబ్బకి గడి లేదు.
అతను సగం టిక్కు పెట్టాడు. తర్వాత చూశాను.

సాయంత్రం టీ గ్లాసు మూడువేళ్లతో పట్టుకుని అన్నాడు:
"ఏళ్లు తెగినప్పుడు ఊరంతా తోలుకెళ్లింది.
లేని ఏళ్లు రాత్రుళ్లు సలుపుతుంటే
చినవాల్తేరు ఒక్కణ్నే ఎల్లాను,
మొకానికి తువ్వాలు సుట్టుకుని.
రెండోసారి తువ్వాలు మర్సిపోయాను.
ఏటీ అవనేదు."

నూకరత్నానికి కళ్ల పరీక్షని చెప్పాను.
మాత్రలు చూసి "కంటి మాత్రలు కడుపులోకా?" అంది.
ఇంకేం అడగలేదు.
రాత్రి మంచినీళ్ల చెంబు నా వైపు జరిపి పడుకుంది.

నిద్ర వచ్చేసిందని కాదు.
కొన్ని రాత్రులు వస్తోంది.
లోవరాజు కూడా వస్తున్నాడు, గుడ్డు ఇస్తున్నాడు,
ఇప్పుడు నేను తినకుండా అడుగుతున్నాను.

ఇవాళ గౌరునాయుడు సెలవు.
పెయింటు డబ్బా మీద నేను.
లోపల బరంపురం నుంచి వచ్చిన కొత్త కుర్రాడు,
తెలుగు అంతంత మాత్రం.
పొద్దున్నించి నవ్వుతూనే ఉన్నాడు, అదే నాకు నచ్చలేదు.

రెండు దెబ్బలు కొట్టాను.
రాడ్డు మారుస్తున్నాడేమో.
ఈల పెదాల దగ్గర పట్టుకుని
కన్నంలోకి వంగాను.
ఒడియాలో "కూకుంటాను" అనే మాట ఏమిటో
నిన్ననే అడిగి ఉండాల్సింది.